సమస్య: చంపినవాడె న్యాయమును జాటినవాడని మెచ్చిరెల్లరున్

నిర్వాహకుడు: 1973లో ఫిల్ కార్ల్‌సన్ దర్శకత్వంలో వచ్చిన ‘వాకింగ్ టాల్’ నిన్న మళ్ళీ చూశాను. అమెరికాలో టెనెసీలోని మెక్‌నైరీ కౌంటీకి 1964 నుంచి 1970 వరకు షెరీఫ్‌గా (కౌంటీ పోలీసు అధికారిగా) పనిచేసిన బ్యూఫర్డ్ పుస్సర్ కథను ఆధారం చేసుకున్న ఆ చిత్రం ముగిసేసరికి ఈ పాదం మనసులో నిలిచింది. పూరించండి.

గోదావరి తీరం:
గుంపుగఁ గూడి జూదరులు గూల్చిరి యాతనిఁ గత్తికోతలన్
దెంపరియై యతం డొకటి దిట్టపుఁ గఱ్ఱను దాల్చి లేచినన్
బంపిరి తీర్పరుల్ విడిచి, పట్టముఁ గట్టిరి యూరివారలే
చంపినవాడె న్యాయమును జాటినవాడని మెచ్చిరెల్లరున్

గణపరీక్ష: ధార చక్కగా ఉంది. షెరీఫ్ పదవి ఓటుతో వచ్చేది కనుక ‘యూరివారలే’ అన్న మాట సరిగ్గా పడింది. అయితే మీ నాయకుడు కఱ్ఱ పట్టాడే కాని ఎవరినీ చంపలేదు. కిందటి వారం నా పూరణలో అన్వయం (మాటల మధ్య అర్థపు పొందిక) లేదన్నారు. ఇక్కడ సమస్యలోని మొదటి మాటకే ఆధారం లేదు. నా ప్రయత్నం:

గుంపుగ వచ్చి నా సతిని గూల్చిరి వైరులటంచు నేడ్చె, నా
తెంపరి మాట నమ్మి యొక తీరగు చిత్రముఁ దీసినంతటన్
నింపుగఁ జూచి లోని నిజ మెవ్వరు గాంచక మోసపోయి, తాఁ
జంపినవాడె న్యాయమును జాటినవాడని మెచ్చిరెల్లరున్

1967 ఆగస్టు 12 తెల్లవారుజామున కారులో ఉన్న పుస్సర్ భార్య పాలీన్ తుపాకి గుండ్లకు బలైంది, ఆయన దవడకు కూడా గాయమైంది. శత్రువులే కాల్చారన్న ఆయన మాటే చిత్రానికి ప్రాణం. 2024లో ఆమె శరీరాన్ని వెలికితీసి పరీక్షించిన తరువాత, హంతకుడిగా సాక్ష్యాలు ఆయన వైపే చూపుతున్నాయని 2025 ఆగస్టులో అధికారులు ప్రకటించారు.

మందాకిని: గోదావరి తీరం గారి ‘గుంపు’ను అబద్ధపు వాఙ్మూలంగా మార్చిన ఆ ఒక్క మలుపుకే ఈ పూరణకు అగ్రస్థానం ఇస్తాను. కాని గణపరీక్ష గారూ, ‘వాడె న్యాయము’లో ‘న్యా’ అనే సంయుక్తాక్షరం ముందున్న ‘డె’ను మారుమాట లేకుండా లఘువుగా (ఒక మాత్ర అక్షరంగా) స్వీకరించిన మీరు, నా వెనుకటి పద్యంలో అటువంటి అక్షరాన్నే గురువు (రెండు మాత్రల అక్షరం) అన్నారు.

గణపరీక్ష: మీరు అక్కడ సమాసం చేశారు. ఇవి విడి పదాలు కనుక ‘డె’ లఘువే.

గోదావరి తీరం: అన్వయదోషాన్ని అంగీకరిస్తున్నాను. అయితే పుస్సర్ 1974లోనే కారు ప్రమాదంలో మరణించారు, ఏ న్యాయస్థానమూ ఆ సాక్ష్యాలను విచారించలేదు. అటువంటప్పుడు ‘లోని నిజము’ అని తీర్పు చెప్పడం, గణపరీక్ష గారూ, ఆ చిత్రం చేసిన తొందరపాటునే మనమూ చేయడం కాదా?

గణపరీక్ష: నిజమే. ‘లోని నిజము’ను మార్చి రేపు మళ్ళీ పంపుతాను.