సొరోరిటీలో సేవాగంటలు ఒక పట్టికలో, సోదరీభావం మరో పట్టికలో: రెండింటినీ కలపడం ఎలా?

ప్రశ్న (ఫిలాంత్రపీ ఛైర్, రెండో సంవత్సరం)

అమెరికాలో ఒక స్టేట్ యూనివర్సిటీలో చదువుతున్నాను. మా సొరోరిటీ (విద్యార్థినుల సోదరీసంఘం) చాప్టర్, అంటే మా విశ్వవిద్యాలయంలోని శాఖ, వచ్చే సెమిస్టర్‌కు నన్ను ఫిలాంత్రపీ ఛైర్‌గా, అంటే సేవా కార్యక్రమాల బాధ్యురాలిగా ఎన్నుకుంది. ప్రతి సభ్యురాలూ సెమిస్టర్‌కు నిర్ణీత గంటలు సేవ చేయాలనీ, చేయనివారు జరిమానా కట్టాలనీ మా నియమావళిలో ఉంది. దాంతో చాలామంది సెమిస్టర్ చివర్లో ఎవరికి వీలైన చోట వారు పని చేసి, కాగితం మీద సంతకం పెట్టించుకొని వస్తున్నారు. నిధుల సేకరణ మాత్రం ఘనంగానే జరుగుతుంది: పాన్‌కేకుల విందు, టీషర్టుల అమ్మకం, అబ్బాయిల సంఘాలైన ఫ్రాటర్నిటీల మధ్య పోటీలు, చివరికి పెద్ద చెక్కుతో ఫోటో. ఆ డబ్బు ఎవరికి చేరుతుందో వారిని మాలో చాలామంది ఎన్నడూ చూడలేదు. సోదరీభావం పెంచడానికని మళ్లీ వేరే సాయంత్రాలు ఏర్పాటు చేస్తారు. వాటికీ హాజరు వేస్తారు.

జరిమానాను ఎత్తివేయాలని ప్రతిపాదించాలనుకుంటున్నాను. ఎత్తివేస్తే ఒక్కరూ రారని కార్యవర్గం భయపడుతోంది. సేవను, సోదరీభావాన్ని ఒకే పనిగా నడిపిన అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరా? డబ్బు పోగు చేయడాన్ని అసలు సేవగా లెక్కించవచ్చా అన్న సందేహం కూడా నన్ను వదలడం లేదు.

సమాధానం (మాజీ చాప్టర్ అధ్యక్షురాలు)

మీ రెండో సందేహంతో మొదలుపెడతాను. నిధుల సేకరణను అంత తేలిగ్గా తీసిపారేయకండి. కప్పా ఆల్ఫా థీటా అనే సొరోరిటీ తోడ్పడే కాసా సంస్థలు, వేధింపులకో నిర్లక్ష్యానికో గురై కోర్టు వరకు వచ్చిన పిల్లల తరఫున మాట్లాడే స్వచ్ఛంద కార్యకర్తలను తయారుచేస్తాయి. ఆ బాధ్యత తీసుకోవడానికి సాధారణంగా 21 ఏళ్లు నిండాలి, శిక్షణ పొందాలి, ఒక కేసును నెలల తరబడి విడవకుండా చూసుకోవాలి. పందొమ్మిదేళ్ల విద్యార్థిని ఎంత ఉత్సాహంగా వెళ్లినా అక్కడ ఆమె చేయగలిగింది తక్కువ. ఆమె చాప్టర్ పంపే డబ్బుతో జరిగేది ఎక్కువ. ఆల్ఫా డెల్టా పై సొరోరిటీ 1979 నుంచి తోడ్పడుతున్న రోనాల్డ్ మెక్‌డొనాల్డ్ హౌస్‌ల సంగతి వేరు. పిల్లలు ఆసుపత్రిలో ఉండగా అక్కడ బస చేసే కుటుంబాలకు వండిపెట్టడానికి స్వచ్ఛంద బృందాలు వెళ్తుంటాయి. కాబట్టి మీ జాతీయ సంస్థ ఎంచుకున్న రంగంలో మనుషుల అవసరం ఉందా, డబ్బు అవసరమే ఉందా అన్నది అక్కడివారినే అడిగి తెలుసుకోండి. డబ్బే కావాలంటే నిస్సంకోచంగా డబ్బే ఇచ్చి, స్వయంగా చేసే పనిని వేరే చోట వెతుక్కోండి.

జరిమానా విషయంలో కార్యవర్గం భయం నిరాధారమైనది కాదు. అయితే ఆ నియమంలోని అసలు లోపం వేరే ఉంది: జరిమానా కట్టినవారు తమ బాకీ తీరిపోయిందనుకుంటారు. నేనైతే ముందుగా ఒంటరి గంటలను ఎత్తివేస్తాను. బిగ్ (పాత సభ్యురాలు), లిటిల్ (ఆమె వెంట ఉండి నేర్చుకునే కొత్త సభ్యురాలు) కలిసి ఒకే చోటికి, వారంలో ఒకే రోజు వెళ్లాలని నియమం పెట్టండి. అక్కడి పిల్లలకో వృద్ధులకో మీ పేర్లు తెలిశాక మానేయడం కష్టమవుతుంది. అప్పుడు జరిమానా ఉన్నా లేకున్నా పెద్ద తేడా ఉండదు.

సమాధానం (గ్రాడ్యుయేట్ చాప్టర్, అంటే చదువు ముగించినవారి శాఖ, సభ్యురాలు)

నల్లజాతి మహిళల సొరోరిటీలలో మీరు చెబుతున్న విభజన మొదటినుంచీ అంతగా లేదు. హోవర్డ్ విశ్వవిద్యాలయంలో 1913 జనవరిలో 22 మంది విద్యార్థినులు స్థాపించిన డెల్టా సిగ్మా థీటా, రెండు నెలలైనా తిరగకముందే, మార్చి 3న వాషింగ్టన్‌లో జరిగిన మహిళా ఓటుహక్కు ఊరేగింపులో నడిచింది. హోవర్డ్‌లోనే 1908లో పుట్టిన ఆల్ఫా కప్పా ఆల్ఫా, 1935 నుంచి 1942 వరకు వేసవుల్లో డాక్టర్ డొరొతీ ఫెరెబీ నాయకత్వంలో మిసిసిపీ రాష్ట్రంలోని పల్లెలకు వైద్యబృందాలను పంపింది. తోటల యజమానులు కూలీలను క్లినిక్‌లకు పోనివ్వకపోతే, ఆ మహిళలు తమ కార్లనే క్లినిక్‌లుగా మార్చుకొని పొలాల దగ్గరికే వెళ్లి, పిల్లలకు మశూచి, డిఫ్తీరియా టీకాలు వేశారు. వర్ణవివక్ష అడుగడుగునా ఎదురయ్యే రోడ్ల మీద వారాల తరబడి కలిసి ప్రయాణించి పనిచేసినవారికి సోదరీభావం కోసమని ప్రత్యేక సాయంత్రం అవసరమై ఉంటుందని నేననుకోను.

మరొక విషయం. విద్యార్థినుల చాప్టర్ నాలుగేళ్లలో పూర్తిగా మారిపోతుంది; ఒక ఆశ్రయగృహంతోనో బడితోనో ఏర్పడిన సంబంధం, దాన్ని ఏర్పరచినవారు పట్టా పుచ్చుకొని వెళ్లగానే తెగిపోతుంది. మా సొరోరిటీలలో సభ్యత్వం జీవితాంతం నడుస్తుంది గనుక, ఆ సంబంధాలను నిలిపే పని గ్రాడ్యుయేట్ చాప్టర్లు చూసుకుంటాయి. మీ ప్రాంతంలో అల్యూమ్నీ (పూర్వ విద్యార్థినుల) చాప్టర్ ఉంటే, వారు ఏళ్లుగా వెళ్తున్న చోటికే మిమ్మల్ని తీసుకువెళ్లమని అడగండి. కొత్త కార్యక్రమం కనిపెట్టాలన్న ఉబలాటం ప్రతి కొత్త ఛైర్‌కూ ఉంటుంది. దాన్ని కాస్త అదుపులో పెట్టుకోవడం మంచిది.

సమాధానం (కోశాధికారి)

లెక్కల సంగతి ఒకటి చెబుతాను. సొరోరిటీ చాప్టర్లు సాధారణంగా పన్ను చట్టంలో 501(సి)(7) కింద వచ్చే సామాజిక క్లబ్బులు. చాప్టర్ ఖాతాకు ఇచ్చిన సొమ్ముకు దాతకు పన్ను మినహాయింపు రాదు. సొరోరిటీ ఫౌండేషన్‌కో, 501(సి)(3) కిందికి వచ్చే సేవాసంస్థకో నేరుగా ఇస్తే వస్తుంది. కాబట్టి దాతలకు ఆ సంస్థ చెల్లింపు లింకునే ఇవ్వండి. టీషర్టుల ఖర్చు, హాలు అద్దె పోగా మిగిలినదెంతో సభ్యులందరికీ చూపించండి. కొన్ని కార్యక్రమాల్లో మిగిలేది చూస్తే, అంత శ్రమ ఎందుకు పడ్డామా అనిపిస్తుంది.

ప్రశ్నించినవారు

అందరికీ కృతజ్ఞతలు. జరిమానాను ఇప్పటికి ఉండనిచ్చి, ఒంటరి గంటలను ఎత్తివేసే ప్రతిపాదన పెడతాను. ఒక్క చిక్కు మిగిలింది: మాలో కొందరు పార్ట్‌టైమ్ ఉద్యోగాలు చేస్తున్నారు. వారంలో ఒకే రోజు అంటే వారికి కుదరదు.

సమాధానం (మాజీ చాప్టర్ అధ్యక్షురాలు)

రెండు రోజులు పెట్టండి, చోటు మాత్రం మార్చవద్దు. షిఫ్టుల పట్టిక వచ్చాక ఏ రోజు రాగలరో వారినే ఎంచుకోనివ్వండి. అప్పటికీ కుదరనివారికి ఇంటి నుంచి చేసే పని అప్పగించండి: దాతలకు ఉత్తరాలు రాయడం, కోశాధికారి గారు చెప్పిన లెక్కలు చూడటం. వాటికీ గంటలు ఇవ్వాలని నియమావళిలో ముందే రాయించండి.