అద్నాన్ హమద్ కోచింగ్‌ను ఎలా అంచనా వేయాలి? 2004 ఏథెన్స్ సంగతేంటి, జోర్డాన్ సంగతేంటి?

పదో నంబర్ (ప్రశ్న):
ఇరాక్ మాజీ స్ట్రైకర్, తర్వాత కోచ్ అయిన అద్నాన్ హమద్ గురించి వివరంగా తెలుసుకోవాలనుంది. ఎక్కడ చూసినా రెండే ముక్కలు: 2004 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, అదే ఏడాది ఏఎఫ్‌సీ (ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య) ఉత్తమ కోచ్ అవార్డు. నా సందేహాలు మూడు. ఏథెన్స్ ఫలితం ఒక్క టోర్నీ మెరుపేనా, వెనక పునాది ఉందా? అంత చేసిన మనిషిని ఇరాక్ ఎందుకు మళ్లీ మళ్లీ పిలిచి, మళ్లీ మళ్లీ పంపించింది? జోర్డాన్‌ను 2014 ప్రపంచకప్ ప్లేఆఫ్ దాకా తెచ్చింది ఆయన పనితనమా, గ్రూపు కలిసొచ్చిందా? అంకెలతో చెప్పగలిగినవాళ్లు చెప్పండి.

ఎడమ వింగ్:
మొదటి ప్రశ్నకు జవాబు 2004లో లేదండీ, 2000లో ఉంది. ఆ ఏడాది టెహ్రాన్‌లో జరిగిన ఆసియా యూత్ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో ఇరాక్ కుర్రాళ్లు ఎక్స్‌ట్రా టైమ్‌లో 2-1తో జపాన్‌ను ఓడించారు. కోచ్ హమదే. 2001లో అర్జెంటీనాలో జరిగిన ప్రపంచ యూత్ టోర్నీకీ ఆయనే. ఆ తరంలోంచి వచ్చినవాడే ఎమాద్ మొహమ్మద్.

ఏథెన్స్ నిబంధన ప్రకారం జట్టు 18 మంది, 1981 జనవరి 1 తర్వాత పుట్టినవాళ్లు, ముగ్గురికి మాత్రం వయసు మినహాయింపు. అంటే కొత్త కోచ్ ఎవరొచ్చినా ఈ వయసు కుర్రాళ్లను మొదటి నుంచి పరిచయం చేసుకోవాలి. హమద్‌కు ఆ అవసరం రాలేదు, చాలామంది ఆట ఆయనకు కొట్టినపిండి.

క్యాలెండర్ కూడా చూడండి. 2004 మే 12న అమ్మాన్‌లో సౌదీపై 3-1 గెలుపుతో ఒలింపిక్ బెర్తు. తర్వాత చైనాలో ఆసియా కప్: ఉజ్బెకిస్తాన్ చేతిలో 0-1, తుర్క్‌మెనిస్తాన్‌పై 3-2, సౌదీపై 2-1, జూలై 30న బీజింగ్ క్వార్టర్స్‌లో చైనా చేతిలో 0-3. పదమూడో రోజున, ఆగస్టు 12న, గ్రీస్‌లోని పాత్రాస్‌లో పోర్చుగల్‌తో ఒలింపిక్స్ మొదటి మ్యాచ్. అక్కడి నుంచి 16 రోజుల్లో ఆరు మ్యాచ్‌లు.

పోర్చుగల్ మ్యాచ్ (4-2) దొరికితే తప్పకుండా చూడండి. 13వ నిమిషంలో సెల్ఫ్ గోల్ పడింది. మూడే నిమిషాల్లో ఎమాద్ మొహమ్మద్ సమం చేశాడు. ఆ తర్వాత హవార్ ముల్లా మొహమ్మద్, యూనిస్ మహమూద్, ఆఖర్లో సాలిహ్ సదీర్. నాలుగు గోల్స్, నలుగురు వేర్వేరు ఆటగాళ్లు. నా దృష్టిలో ఆ జట్టు బలమంతా అదే: ఒకణ్ణి కట్టడి చేస్తే ఇంకొకడు కొట్టేవాడు.

క్వార్టర్స్‌లో ఆస్ట్రేలియాపై 1-0. ఎమాద్ వెనక్కి వాలి గాల్లోనే తన్నిన ఓవర్‌హెడ్ కిక్, 64వ నిమిషం. సెమీస్‌లో పరాగ్వే 34 నిమిషాలకే 2-0 చేసింది, చివరికి 3-1. కాంస్య పోరులో ఇటలీ గిలార్డినో 8వ నిమిషంలో కొట్టిన ఒక్క గోల్‌తో గట్టెక్కింది. చివరి రెండు మ్యాచ్‌లలో ఇరాక్ వెనకబడ్డది మొదటి ఇరవై నిమిషాల్లోపే. అన్ని మ్యాచ్‌లు ఆడాక అలసిన కాళ్లు ఆరంభంలోనే ఇలా మోసం చేస్తాయి.

ఆఫ్‌సైడ్:
రెండో ప్రశ్న నేను తీసుకుంటా. ముందు ఒక మాట: ఆయన సమర్రాలో 1961లో పుట్టిన ఫార్వర్డ్. 1980లలో ఇరాక్ ముందు వరుస అనగానే అందరికీ గుర్తొచ్చేది హుస్సేన్ సయీద్, అహ్మద్ రాధి. అందుకే ఆటగాడిగా ఆయన పేరు బయట అంతగా వినపడదు.

ఇక కోచ్‌గా. 2002 ప్రపంచకప్ క్వాలిఫయర్స్ నడుస్తుండగానే ఆయన్ని తీసేసి రుడాల్ఫ్ బెలిన్‌ను పెట్టారు. 2002లో మళ్లీ పిలిస్తే డమాస్కస్‌లో పశ్చిమాసియా కప్ గెలిచారు. ఫైనల్లో జోర్డాన్‌పై 0-2తో వెనకబడి, ఎక్స్‌ట్రా టైమ్‌లో 3-2. ఆ తర్వాత బెర్న్‌డ్ స్టాంగే వచ్చారు, 2004లో ఆయన వెళ్లాక మళ్లీ హమదే.

అన్నిటికంటే బాధ కలిగించేది 2008. 2010 ప్రపంచకప్ క్వాలిఫయర్స్ గ్రూపులో ఒక్క మ్యాచ్ ఆడించాక కోచ్ ఎగిల్ ఓల్సెన్‌ను తీసేశారు. హమద్ వచ్చేసరికి గ్రూపు మొదలైపోయింది. మే చివర్లో ఫిఫా ఇరాక్ సమాఖ్యను సస్పెండ్ చేసి, మూడు రోజులకు ఎత్తేసింది. జూన్ 1న బ్రిస్బేన్‌లో ఆస్ట్రేలియా చేతిలో 0-1, వారానికే దుబాయ్‌లో అదే ఆస్ట్రేలియాపై 1-0, తర్వాత చైనాలో చైనాపై 2-1.

ఆఖరి మ్యాచ్‌కు ముందు ఇరాక్‌కు 7, ఖతార్‌కు 7 పాయింట్లు. గోల్ తేడా ఇరాక్‌ది -1, ఖతార్‌ది -2. అంటే తర్వాతి రౌండ్‌కు వెళ్లడానికి డ్రా చాలు. జూన్ 22న దుబాయ్‌లో 76వ నిమిషంలో గోల్ ఇచ్చి 0-1తో ఇంటికెళ్లారు. డ్రా చాలిన జట్టు గెలవాలా, కాపాడుకోవాలా అన్న ఊగిసలాటలో పడుతుంది. ఆ స్థితిలో జట్టును నడిపించడానికి కోచ్‌కు ఆటగాళ్లతో నెలల సాన్నిహిత్యం కావాలి. ఆయనకు దొరికింది నాలుగు నెలలు, అందులోనూ సస్పెన్షన్ గొడవ. ఈ వైఫల్యాన్ని ఆయన ఒక్కరి ఖాతాలో వేయడం అన్యాయం.

ఎడమ వింగ్:
@ఆఫ్‌సైడ్ ఒప్పుకుంటున్నా. ఇంకొకటి కలపాలి: 2007లో జోర్వాన్ వియేరా కోచింగ్‌లో ఆసియా కప్ గెలిచిన జట్టును చూడండి. యూనిస్ మహమూద్, హవార్, నష్అత్ అక్రమ్, నూర్ సబ్రి, మహ్దీ కరీమ్, వీళ్లంతా ఏథెన్స్ జట్టువాళ్లే. కప్పు గెలిపించిన ఘనత వియేరాది. జట్టును తీర్చిదిద్దిన ఘనతలో హమద్‌కు పెద్ద వాటా ఉంది.

గోల్ కీపర్ గ్లవ్స్:
జోర్డాన్ సంగతి. 2014 క్వాలిఫయర్స్ ఆఖరి రౌండ్ లెక్క ఇల్లూ బయటా విడదీసి చూడండి.

అమ్మాన్‌లో: ఇరాక్‌తో 1-1, ఆస్ట్రేలియాపై 2-1, జపాన్‌పై 2-1, ఒమన్‌పై 1-0. పది పాయింట్లు.
బయట: జపాన్ 0-6, ఒమన్ 1-2, ఇరాక్ 0-1, ఆస్ట్రేలియా 0-4. సున్నా.

మొత్తం గోల్ తేడా -9. అయినా 9 పాయింట్ల ఒమన్‌ను దాటి మూడో స్థానం, దాంతో ప్లేఆఫ్. దీన్ని అదృష్టం అనడానికి నాకు నోరు రాదు. 2013 మార్చి 26న జపాన్ మ్యాచ్ చూడండి: మొదటి సగం ముగుస్తుండగా కార్నర్‌కు ఖలీల్ బనీ అతియా హెడర్, 60వ నిమిషంలో అహ్మద్ హాయెల్ ఎడమ వైపు నుంచి ఒంటరిగా పరుగెత్తి యోషిదాను దాటేసి కొట్టాడు, కగావా ఒకటి వెనక్కి తెచ్చాక, ఎండో పెనాల్టీని ఆమెర్ షఫీ ఆపాడు. ప్రత్యర్థికి బంతి వదిలేసి, గుంపుగా కాచుకుని, సెట్ పీస్‌తోనో (కార్నర్, ఫ్రీ కిక్ లాంటివి) కౌంటర్‌తోనో (ఎదురుదాడి) కొట్టడమే పద్ధతి.

బయట ఇది ఎందుకు చెడిందంటే, త్వరగా గోల్ ఇస్తే ముందుకు రావాలి, వస్తే వెనక ఖాళీ. జపాన్‌లోని సైతామాలో ఆరు పడ్డది అలాగే.

ఒమన్ మ్యాచ్ తర్వాత హమద్ స్థానంలో హొస్సామ్ హసన్ వచ్చారు. ప్లేఆఫ్‌లో ఉజ్బెకిస్తాన్‌ను పెనాల్టీల్లో 9-8తో దాటారు గానీ, ఉరుగ్వే అమ్మాన్‌కే వచ్చి 5-0 కొట్టింది.

పదో నంబర్:
చాలా థాంక్సండీ. ముందు ఏ మ్యాచ్ చూడమంటారు?

గోల్ కీపర్ గ్లవ్స్:
2011 ఆసియా కప్‌లో జపాన్-జోర్డాన్ 1-1. ఆ పద్ధతి అందులో అరటిపండు ఒలిచినట్టు కనిపిస్తుంది. ఇంజురీ టైమ్‌లో యోషిదా సమం చేసేదాకా వెనక వరుస ఎలా నిలబడిందో గమనించండి. ఆ తర్వాత పోర్చుగల్ మ్యాచ్ పెట్టుకోండి.