జిదోరి నిజంగా నాటుకోడేనా? ఆ ధరకు న్యాయం ఉందా?

పల్నాటి_పుంజు:
టోక్యోలో ఆఫీసువాళ్ళతో యాకితోరి, అంటే పుల్లకి గుచ్చి కాల్చిన చికెన్, అమ్మే కొట్టుకి వెళ్ళాను. జిదోరి అని వేరే మెనూ, మామూలు చికెన్ కంటే ఎన్నో రెట్ల ధర. "ఇది మా నాటుకోడి" అని గర్వంగా చెప్పారు. ఇంటికొచ్చి జపాన్ వ్యవసాయ ప్రమాణాలు, అదే జాస్ రూల్స్, చదివాను. స్థానిక జాతి రక్తం సగం ఉంటే చాలట. 75 రోజులు పెంచితే చాలట. 28వ రోజు నుంచి నేల మీద తిరగనివ్వాలి, చదరపు మీటరుకు పదికి మించకూడదు. అంతే. బయటికి వదలాలని ఎక్కడా లేదు, షెడ్డులో ఉంచినా చెల్లుతుంది. ఎండ తగలని, పురుగు ఏరుకోని కోడిని మా ఊళ్ళో నాటుకోడి అంటే కొట్టడానికొస్తారు. పేరు గొప్ప ఊరు దిబ్బ.

నగోయా_నివాసి:
పుంజు గారూ, కనీస హద్దు చూసి మొత్తం జిదోరి మీద తీర్పు ఇచ్చేస్తున్నారు. ఇక్కడ బ్రాయిలర్‌ని దాదాపు 50 రోజులకే కోస్తారు. పేరున్న జిదోరిల్లో చాలావాటిని 75 దగ్గర ఆపరు. ఉత్తరాన అకితాలో పెంచే హినై-జిదోరి పెట్టకి అక్కడి ప్రిఫెక్చర్ (మన రాష్ట్రం లాంటిది) నిబంధన 150 రోజులు. అన్నాళ్ళ మేత, అన్నాళ్ళ చాకిరీ, పైగా బ్రాయిలర్‌లా రొమ్ము మాంసం రాదు. ధర అక్కడినుంచి వస్తుంది.

రక్తం సంగతికొస్తే, మా నగోయా కోచిన్‌లో సగం లెక్కే లేదు, అది స్థిరపడిన జాతి. మెయిజీ కాలం (1868-1912) తొలినాళ్ళలో కొలువు పోయిన సమురాయ్‌లు, కైఫు అన్నదమ్ములు, ఇక్కడి కోళ్ళను కోచిన్ అనే చైనా కోడితో కలిపి తయారుచేశారు. 1905లో గుర్తింపు వచ్చింది.

వంటింటి_వాణి:
ఎవరైనా జిదోరితో పులుసు చేస్తుంటే మసాలా సగం తగ్గించండి. గసగసాలు, కొబ్బరి వేసేశాక ఏ కోడైనా ఒకటే.

పల్నాటి_పుంజు:
చైనా కోడితో కలిపారని మీరే చెప్పారు, సంతోషం. ఇంకోటి వినండి. జాస్‌లో "స్థానిక జాతులు" అని 38 పేర్ల జాబితా ఉంది. అందులో రోడ్ ఐలాండ్ రెడ్ కూడా ఉంది! అమెరికా కోడి అది. మీరు చెప్పిన హినై-జిదోరి తల్లి కూడా అదే. అమెరికా పెట్ట బిడ్డకి అకితా వారసత్వం ఎలా వచ్చింది? ఈ ఒక్కదానికి జవాబు చెప్పండి.

అకితా_చలి:
చెప్తాను. హినై-దోరి అని అకితా పాత జాతి కోడి వేరే ఉంది, దాన్ని 1942లో ప్రభుత్వం సహజ స్మారకంగా ప్రకటించింది. కాపాడాల్సిన జాతిని కూరకి వాడుకోలేరు కదా. అందుకే దాని పుంజుని రోడ్ ఐలాండ్ రెడ్ పెట్టతో కలిపి హినై-జిదోరిని తెచ్చారు. ఆ జాబితాలో ఉన్నవి మెయిజీ కాలం నాటికే జపాన్‌లో పాతుకుపోయిన జాతులు. ఇక్కడ చలికాలంలో దంచిన అన్నాన్ని దేవదారు పుల్లలకి చుట్టి కాల్చి, ఈ కోడి రసంలో వేసి కిరితంపో నాబె చేస్తారు. బ్రాయిలర్ వేస్తే ఆ రసం రాదు.

పల్నాటి_పుంజు:
రుచి గురించి నేను అడగలేదు. రోడ్ ఐలాండ్ రెడ్ స్థానికమా కాదా?

ఒసాకా_సాయంత్రం:
షామో కూడా మెయిజీకి ముందటి ఎడో కాలంలో సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) నుంచి వచ్చిన పందెం కోడే. ఇప్పుడు దాన్ని జపాన్‌ది కాదని ఎవరంటారు? మిరపకాయ మనది కాదని గుంటూరులో అనండి చూద్దాం.

నగోయా_నివాసి:
పుంజు గారూ, అదే ప్రశ్న ఎన్నిసార్లు అడుగుతారు? కనీసం ఇక్కడ రాసిపెట్టిన రూల్ ఉంది. హైదరాబాద్‌లో మా అక్క నాటుకోడి అని డబుల్ రేటు పెట్టి కొంటే, ఉడికించగానే ముద్దయిపోయింది. కలర్ కోడి, నాటులా కనిపించే ఫారం కోడి. కొట్టువాడిని అడిగితే "ఇదే నాటు మేడం" అన్నాడు. 2007లో అకితాలోని ఓడాతేలో ఒక కంపెనీ ముసలి గుడ్ల కోళ్ళ మాంసాన్ని హినై-జిదోరి అని అమ్మి పట్టుబడింది. దేశమంతా గొడవైంది, కేసు నడిచింది, 2008లో ప్రిఫెక్చర్ ధ్రువీకరణ పెట్టింది. మా అక్క ఎవరికి చెప్పుకోవాలి? ఊరికే కూర్చుని వెక్కిరించడం తేలిక.

పల్నాటి_పుంజు:
వెక్కిరించడమా? మా అమ్మ నాటుకోళ్ళు పెంచి నా ఫీజులు కట్టింది. పొద్దున్నే గంప ఎత్తితే ఊరంతా తిరిగి పొద్దుగూకితే వచ్చేవి. పిల్లల్ని గద్ద ఎత్తుకుపోయేది, తెగులొస్తే దొడ్డి ఖాళీ అయ్యేది. మిగిలినవి సంతకి తీసుకెళ్తే పక్కన వ్యాన్‌లో కలర్ కోళ్ళు దించి "నాటు, నాటు" అని సగం ధరకి అమ్మేవాళ్ళు. అమ్మ కోళ్ళు ఇంటికి తిరిగొచ్చేవి. మీ అక్కని మోసం చేసినవాళ్ళే మా అమ్మనీ ముంచారు. "సగం రక్తం చాలు, షెడ్డు చాలు" అని మన దగ్గరా రూల్ వస్తే ఆ వ్యాన్‌వాడికి సర్టిఫికెట్ ఇచ్చినట్టే. నా బాధ రోడ్ ఐలాండ్ రెడ్ కాదు.

నగోయా_నివాసి:
ఇది మొదటి పోస్టులోనే రాయాల్సింది. కానీ రూల్ లేకపోయినా మీ అమ్మగారు నష్టపోయారు కదా? "నాటు" అన్న పేరు ఎవరిదీ కాకపోవడం వల్లే ఆ వ్యాన్‌వాడికి అడ్డు లేకుండా పోయింది. హినై రైతుకి ఇవాళ కనీసం చూపించడానికి ఒక కాగితం ఉంది.

పల్నాటి_పుంజు:
ఆ కాగితం ఎవరి కొలతలతో రాస్తారన్నదే నా గొడవ. 150 రోజులని రాయండి, బయట తిరగాలని రాయండి, మొదటి సంతకం నాదే.

అకితా_చలి:
రోజుల దగ్గర మీతోనే ఉన్నాను. బయట అంటే మాత్రం కష్టం. చలికాలంలో వలస పక్షులతో బర్డ్ ఫ్లూ వస్తుంది. ఒక్క షెడ్డులో తేలినా ఫారంలోని కోళ్ళన్నిటినీ చంపేస్తారు. ఆ భయంతో బతికే రైతుని తలుపులు తీయమని ఎలా అడుగుతాం?

వంటింటి_వాణి:
పుంజు గారూ, అమ్మగారు ఇప్పటికీ పెంచుతున్నారా?

పల్నాటి_పుంజు:
లేదండీ, మానేసింది. అకితా గారూ, తలుపులు తీయమని నేను బలవంతపెట్టను. షెడ్డులో పెంచిన కోడి ప్యాకెట్ మీద "షెడ్డులో పెంచినది" అని పెద్దక్షరాలతో రాయమనండి. బయట తిరిగినదానికి వేరే పేరు, వేరే ధర ఉండాలి. ఏది కావాలో కొనేవాళ్ళు తేల్చుకుంటారు.