బ్రెయిల్‌లో ‘గుంటూరు’కు ఎన్ని గడులు?

ప్రశ్న (గుంటూరు): మాస్టారూ, ‘గుంటూరు’ మామూలు రాతలో మూడక్షరాలే. బ్రెయిల్‌లో దాని కొమ్ము, సున్న, కొమ్ముదీర్ఘం ఎక్కడ పెడతారు?

జవాబు (విజయవాడ): గుణింతపు గుర్తులు ఉండవండి. హల్లు పక్కనే అచ్చును నిండుగా రాస్తారు. గ, ఉ, సున్న, ట, ఊ, ర, ఉ: ఏడు గడులు (గడి అంటే ఆరు ఉబ్బు చుక్కలు పట్టే చోటు). ‘విజయవాడ’కూ ఏడే: వ, ఇ, జ, య, వ, ఆ, డ. హల్లులోని అకారానికి వేరే గడి అక్కర్లేదు.

గడిలో ఎడమ వరస పైనుంచి 1, 2, 3; కుడి వరస 4, 5, 6. గ 1-2-4-5, ఉ 1-3-6, సున్న 5-6, ట 2-3-4-5-6, ఊ 1-2-5-6, ర 1-2-3-5. ఇది భారతి బ్రెయిల్, అంటే భారతీయ భాషలకు ఉమ్మడిగా వాడే బ్రెయిల్. హిందీ ‘గ’కూ ఇవే చుక్కలు.

కొత్తవాళ్లు తడబడేది ఒత్తు దగ్గర. పొల్లుకు గుర్తు 4వ చుక్క ఒక్కటే, అది హల్లుకు ముందు రావాలి. ‘అమ్మ’ అంటే అ, 4, మ, మ. ఆ చుక్క మరిస్తే ‘అమమ’, అది మొదటి ‘మ’ తర్వాత పడితే ‘అమమ్’. క్ష, జ్ఞ మాత్రం ఒక్కో గడిలోనే ఇమిడిపోతాయి.

జవాబు (గుంటూరు): పలక (గడుల చట్రం), స్టైలస్ (చుక్కలు పొడిచే మొన)తో రాసేటప్పుడు ఇంకో జాగ్రత్త. చుక్క కాగితం అవతలి వైపు ఉబ్బుతుంది కాబట్టి కుడి నుంచి ఎడమకు, గడిని అద్దంలోలా తిప్పి పొడవాలి. తిప్పకుండా పొడిస్తే ‘జ’ కాస్తా ‘హ’ అవుతుంది, ‘వ’ ‘ణ’ అవుతుంది, ‘ఇ’ ‘ఏ’ అవుతుంది. నోటుబుక్కు కాగితం వద్దు, చిల్లు పడుతుంది. మందపాటిదే వాడండి. తప్పు చుక్కను గోటితో అణిచినా వేలికి జాడ తగులుతూనే ఉంటుంది, ముఖ్యమైన కాగితమైతే మళ్లీ రాయడమే మేలు.

ప్రశ్న: ఆరు చుక్కలే ఎందుకండీ?

జవాబు (విజయవాడ): అంతకుముందు ఫ్రాన్స్‌లో షార్ల్ బార్బియే పన్నెండు చుక్కల పద్ధతి తెచ్చారు. ఆ గడి వేలికొన కింద పట్టదు, వేలిని పైకీ కిందికీ జరపాలి. పైగా అది శబ్దాలకే, స్పెల్లింగుకు కాదు. లూయీ బ్రెయిల్ 1824లో, పదిహేనేళ్ల వయసులో, గడిని ఆరు చుక్కలకు కుదించారు. 1829లో అచ్చు వేయించారు. ఒక్క స్పర్శకే అక్షరం మొత్తం అందడం ఆయన సాధించిన గొప్ప విషయం.

ప్రశ్న: ‘గుంటూరు 2’ అని రాయాలంటే?

జవాబు: ఒక గడి ఖాళీ వదిలి, అంకె గుర్తు 3-4-5-6, తర్వాత 1-2. ఆ గుర్తు ‘ణ’ కూడా. అయినా తికమక రాదు, తెలుగు మాట ‘ణ’తో మొదలవదు కదా.