గ్రూప్‌లో చూసి కూడా పలకకపోతే అంత బాధ ఎందుకు?

రాత్రిపక్షి: మా అమ్మాయికి మొదటి జీతం వచ్చిందని ఇంటర్ ఫ్రెండ్స్ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టా. ఇన్ఫో నొక్కి చూస్తే 30 మంది చదివారు, ఒక్కడూ పలకలేదు, పది నిమిషాలకి ఇంకొకడు కొత్త కారు ఫోటో పెడితే చప్పట్లే చప్పట్లు. 48 ఏళ్లొచ్చాయి, రాత్రంతా నిద్రపట్టలేదు. మెదడులో ఏం జరుగుతుంది, ఫిలాసఫీ ఏమంటుంది, తెలిసినవాళ్ళు చెప్పండి.

తాటిముంజె: అన్నా ముందు అమ్మాయికి కంగ్రాట్స్. మీకు జరిగింది అచ్చం సైబర్‌బాల్ ప్రయోగమే. 2003లో ఐసెన్‌బర్గర్, లీబర్మన్, విలియమ్స్ అనే పరిశోధకులు చేశారు. స్కానర్‌లో పడుకోబెట్టి ముగ్గురు బంతి విసురుకునే కంప్యూటర్ ఆట ఆడిస్తారు, కాసేపటికి మిగతా ఇద్దరూ మీకు బంతి వెయ్యడం మానేస్తారు, అంతే. నిజానికి అవతల మనుషులే లేరు, అంతా ప్రోగ్రామే. అయినా మెదడులో యాంటీరియర్ సింగ్యులేట్ కార్టెక్స్ అనే భాగంలో యాక్టివిటీ పెరిగింది, ఒంటికి నొప్పి కలిగినప్పుడు కూడా పనిచేసే చోటు అది. 2004లో ఇంకో ప్రయోగంలో, ఆడేది కంప్యూటరేనని ముందే చెప్పినా జనం నొచ్చుకున్నారు! కాబట్టి వయసొచ్చింది కదా అని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి.

లెక్కలసారు: ఒక్క మాట. ఆ చోటు పనిచేసింది కాబట్టి రెండు నొప్పులూ ఒకటే అనేయకూడదండి, అనుకోనిది జరిగినా అది పనిచేస్తుంది. మీ విషయంలో నాకు షుల్ట్జ్ అనే మెదడు శాస్త్రవేత్త కోతుల మీద చేసిన ప్రయోగాలు గుర్తొస్తున్నాయి. జ్యూస్ వస్తుందని సిగ్నల్ ఇచ్చి ఇవ్వకపోతే, సరిగ్గా అది రావాల్సిన టైమ్‌కి డోపమిన్ అనే రసాయనాన్ని వదిలే మెదడు కణాలు సిగ్నల్ పంపే వేగం మామూలు కంటే పడిపోతుంది. రావాల్సింది రాలేదన్న లెక్క అది. 30 మంది చదివారని కనిపించకపోయుంటే మీ ఆశ అంత పెరిగేది కాదేమో.

కృష్ణ_ఒడ్డు: బౌద్ధులు దీన్ని స్పర్శ (కంటికో చెవికో మనసుకో ఏదైనా తగలడం), వేదన, తృష్ణ, ఉపాదానం అని వరసగా చెప్పారు. తెలుగులో వేదన అంటే బాధే అయిపోయింది గానీ అక్కడ సుఖం, దుఃఖం, రెండూ కానిది, మూడూ వేదనే. చురుక్కుమనడం వేదన, దాన్ని ఆపలేం. ఇన్ఫో మళ్ళీ మళ్ళీ నొక్కడం తృష్ణ. "వీళ్ళకి నేనంటే లెక్కలేదు" అని పట్టుకుని కూర్చోవడం ఉపాదానం. వేదనకీ తృష్ణకీ మధ్య కాస్త సందుంది, సాధన అంతా అక్కడే అంటారు వాళ్ళు.

రాత్రిపక్షి: థాంక్సండీ అందరికీ. ఇన్ఫో 6 సార్లు నొక్కా ఆ రాత్రి, మీరెలా కనిపెట్టారో. ఆ సందు దగ్గర ఎలా ఆగాలి మరి?

కృష్ణ_ఒడ్డు: నేనైతే చెయ్యి ఫోన్ మీదకి పోయేటప్పుడు గుండెలో బరువు ఎక్కడుందో చూస్తా, పది ఊపిరులు. సగంసార్లు కుదరదు.