బెంగళూరులో చెక్క బిల్డింగులే చేసే ఆఫీసులో చేరొచ్చా?

కర్నూలు_ఆర్క్:
అందరికీ నమస్కారం. మాది కర్నూలు, బీఆర్క్ అయ్యాక బెంగళూరులో జాబ్ చేస్తున్నా, ఇప్పటిదాకా అన్నీ కాంక్రీట్ అపార్ట్‌మెంట్లే. ఇప్పుడొక చిన్న ఆఫీసు వాళ్ళు రమ్మంటున్నారు, వాళ్ళు చేసేదంతా టింబర్ స్ట్రక్చర్లే, ఇన్నాళ్ళూ రిసార్టులు, రెండంతస్తుల ఇళ్ళు చేశారు, ఇకమీదట ఎనిమిది పది అంతస్తులకి వెళ్ళాలని చూస్తున్నారు. నా మనసంతా అటే ఉంది, కానీ నాన్న "చెక్కతో పదంతస్తులేంటమ్మా, అగ్గి అంటుకుంటే? చెదలు పడితే?" అంటున్నాడు, జీతం కూడా కొంచెం తక్కువే. మన దగ్గర దీనికి దారి ఉందా, ఈ లైన్లో ఉన్నోళ్ళు చెప్పండి ప్లీజ్.

చెన్నై_స్ట్రక్చర్స్:
నాన్నగారి భయం న్యాయమైందేనమ్మా, కొట్టిపారెయ్యకుండా వివరంగా చెప్పు. పొయ్యిలో పుల్ల మండినట్టు లావు దూలం మండదు, పైన బొగ్గు పొర కట్టి లోపలికి వేడి పోనివ్వదు. పైన్ లాంటి సాఫ్ట్‌వుడ్ కాలే వేగం యూరోకోడ్ (యూరప్ డిజైన్ నియమాలు) లెక్కలో నిమిషానికి 0.65 మి.మీ., అంటే గంటకి 40 మి.మీ. దాకా పోతుందనుకుని ఆ మేరకు సైజు ముందే పెంచుతారు. అసలు చిక్కు జాయింట్లది, స్టీల్ ప్లేట్లు బయటికుంటే వేడెక్కి మెత్తబడతాయి, అందుకే కట్టె లోపలికి దాస్తారు. ఇంకోటి జిగురు. సీఎల్టీ అంటే పలకల్ని ఒక పొర నిలువుగా ఒక పొర అడ్డంగా అతికించిన ప్యానెలే కదా, వేడికి ఆ జిగురు వదిలితే కాలిన పొర ఊడిపడి లోపలి కట్టె మళ్ళీ అంటుకుంటుంది. ఏ జిగురు వాడతారు, దానికి ఫైర్ టెస్ట్ రిపోర్ట్ ఉందా అని ఇంటర్వ్యూలోనే అడుగు.

ఎత్తు సంగతికొస్తే లండన్ ముర్రే గ్రోవ్‌లో 2009లోనే 9 అంతస్తులు కట్టారు, మిల్వాకీలో అసెంట్ 2022లో 25 అంతస్తులు, 86.6 మీటర్లు, అందులో కింది ఆరు కాంక్రీటే. నాకు బాగా నచ్చింది మాత్రం నార్వేలో మ్యోస్టోర్నెట్, 2019, 85.4 మీటర్లు. కట్టె తేలిక కాబట్టి గాలికి పైన ఊగుడు ఎక్కువ, మనుషులకి తెలిసిపోతుంది, అందుకని పై అంతస్తుల స్లాబులు కావాలనే కాంక్రీట్‌తో వేసి బరువు పెంచారు. ఇట్లాంటి ఆలోచన చూస్తే ఇంజినీర్‌గా భలే సంతోషమేస్తుంది నాకు.

టింబర్_డిపో_అబ్బాయి:
మాది మైసూర్ రోడ్ టింబర్ యార్డ్ లేఔట్ అక్కా. చెదలకంటే ముందు నీళ్ళ గురించి భయపడాలి, కట్టెలోకి తేమ పోయి ఆరే దారి లేకపోతే పుచ్చిపోతుంది, చెదలూ అక్కడికే వస్తాయి. బాగా సీజనింగ్ అయిన, అంటే తేమ ఆరబెట్టిన సరుకైనా వర్షంలో కప్పకుండా సైట్లో పడేస్తే అంతే సంగతులు. మల్లేశ్వరం 18వ క్రాస్‌లో వుడ్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్ ఉంది కదా, ట్రీట్‌మెంట్, తేమ, చెదలు అన్నీ వాళ్ళ సబ్జెక్టే, ఒకసారి వెళ్ళి మాట్లాడండి.

మల్లేశ్వరం_అక్క:
నేను ఆర్కిటెక్ట్‌నే, టింబర్ పని దగ్గరగా చూశాను. కాంక్రీట్ ఆఫీసులో సైట్లో గోడ పగలగొట్టి పైపు తిప్పేస్తారు చూడు, ఇక్కడ అది కుదరదు, ఫ్యాక్టరీలో ప్యానెల్ కొయ్యకముందే ప్రతి ప్లంబింగ్ రంధ్రం, ప్రతి స్విచ్ బాక్సు డ్రాయింగ్‌లో ఫైనల్ అయిపోవాలి. కష్టమే గానీ ఫలితం ఉంటుంది, వాంకూవర్‌లో 18 అంతస్తుల బ్రాక్ కామన్స్‌కి ముక్కలు సైట్‌కి రావడం మొదలయ్యాక స్ట్రక్చర్ లేవడానికి 70 రోజులు కూడా పట్టలేదు. చిన్న వయసులో ఆ క్రమశిక్షణ అబ్బితే తర్వాత ఏ ఆఫీసుకెళ్ళినా నువ్వు వేరేగా కనిపిస్తావ్.

మన దగ్గర దారి అంటే, కేంద్ర ప్రభుత్వ బిల్డింగులు కట్టే సీపీడబ్ల్యూడీ కట్టె వాడకం మీద నిషేధం 2020లో ఎత్తేసింది, టింబర్ డిజైన్‌కి ఐఎస్ 883 అనే మన దేశపు కోడ్ ఉంది. అయినా పదంతస్తులకి ఫైర్ ఎన్‌ఓసీ, అంటే ఫైర్ డిపార్ట్‌మెంట్ అనుమతి తేవడం పెద్ద పోరాటమే, అది దాచను. ఎయిర్‌పోర్ట్ టెర్మినల్ 2లో వెదురు చూసి ఇదే కదా అనుకోకు, అక్కడ సీలింగ్ అందానికి, బరువు మోసేది వేరే. వాళ్ళు కట్టిన ఇల్లు ఒకటి మూడు నాలుగు వానాకాలాలు చూసింది ఉంటే చూపించమను, స్తంభం నేలని తాకేచోట, బాల్కనీ కింద, బాత్‌రూమ్ పక్కన కట్టె ఎలా ఉందో చూడు. బాగుంటే చేరు, జీతం తేడా చూసుకోకు.

కర్నూలు_ఆర్క్:
థాంక్యూ అక్కా, అన్నా, తమ్ముడూ. వాళ్ళు చేసిన పాత ఇల్లొకటి కనకపుర రోడ్డు వైపు ఉందంట, నాన్నని కూడా వెంటబెట్టుకుని ఈ ఆదివారమే వెళ్తాను. ఆ జిగురు టెస్ట్ రిపోర్ట్ ఇస్తే ఇక్కడే పెడతా, చూసి చెప్పండి.