సింగిల్ షాట్ రైఫిల్ కొనాలి, పాతదాంట్లో ఏమేం చూడాల?

రాపూరు_రైతుబిడ్డ:
అన్నలకు నమస్తే. మాది రాపూరు పక్కన పల్లె. తాత కాలం నాటి పన్నెండు బోరు సింగిల్ బ్యారెల్ తుపాకీ ఉంది, పంట రక్షణ లైసెన్సు మీద. ఇప్పుడు నా పేరుకు మార్చుకునే పనిలో ఉండా. దాని బదులు ఒక సింగిల్ షాట్ రైఫిల్ (ఒక్కోసారి ఒక్క తూటానే ఎక్కించేది) తీసుకుందామని ఆలోచన. రవ్వలు చిమ్మినట్టు కాకుండా ఒక్క తూటా పెట్టిన చోట పడాల. 50 నుంచి 100 మీటర్ల లోపు చాలు. టెక్సాస్‌లో ఉండే మా బావ వేటకు రూగర్ నంబర్ వన్ వాడతాడు, అట్టాంటిది మనకు దొరుకుద్దా? చెన్నైలో ఒక డీలరు దగ్గర పాత బీఎస్ఏ (బ్రిటిష్ కంపెనీ) మార్టినీ .22 టార్గెట్ రైఫిల్ ఉందంట. చూడటానికి బాగానే ఉంది గానీ, ఏం చూసి కొనాలో తెలీడం లేదు. వేరుశనగలో అడవిపందులు దిగతా ఉన్నాయి, వాటికీ పనికొస్తే మరీ మంచిది.

కోర్టుసెంటర్_గూడూరు:
ముందు పంది సంగతి తేల్చుకో తమ్ముడూ, రైఫిల్ సంగతి తర్వాత. పంట రక్షణ లైసెన్సు తుపాకీ దగ్గర ఉంచుకోవడానికే, జంతువును చంపడానికి కాదు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం సెక్షన్ 9 కింద వేట నిషేధం. 2022 సవరణ తర్వాత అడవిపంది రెండో షెడ్యూలులో (రక్షణ ఉన్న జంతువుల జాబితాలో) ఉంది. పంట పాడుచేసే పందిని చంపాలన్నా సెక్షన్ 11 కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ కారణం చూపించి రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాల. 'కాల్చా గానీ తగల్లేదు' అన్నా కుదరదు, చట్టంలో వేట అంటే ప్రయత్నం కూడా కలిసే ఉంది.

నీది రాపూరు కాబట్టి ఇంకో మెలిక ఉంది. పెనుశిల నరసింహ అభయారణ్యం మీ పక్కనే. సెక్షన్ 34 ప్రకారం అభయారణ్యానికి 10 కిలోమీటర్ల లోపల ఉండే లైసెన్సుదారులు అటవీశాఖ దగ్గర పేరు నమోదు చేయించుకోవాల. ఆ పరిధిలో కొత్త లైసెన్సు ఇవ్వాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ముందస్తు సమ్మతి కావాల. మీ ఇల్లు ఆ లెక్కలోకి వస్తుందో లేదో అటవీ రేంజి ఆఫీసులో కనుక్కో. రైఫిల్ భుజానేసుకుని అభయారణ్యంలో అడుగు పెట్టావంటే అది వేరే కేసు.

రెండోది, పన్నెండు బోరు తీసేసి .22 ఎక్కించుకోవాలంటే లైసెన్సులో ఆయుధం రకం మారాల. దానికి కలెక్టరేట్‌లో అర్జీ పెట్టు. అనుమతి కాగితం చేతికి రాకముందే డీలరుకు అడ్వాన్సు ఇచ్చేవాళ్లు ఎక్కువ, ఆ డబ్బు ఇరుక్కుపోద్ది. ఆ రైఫిల్ డీలరు సొంత సరుకా, ఇంకొకరిదా అని కూడా అడుగు. లైసెన్సుదారు నేరుగా నీకు అమ్మేటట్టయితే ఆయన ముందుగా జిల్లా మేజిస్ట్రేటుకో, దగ్గరి పోలీస్ స్టేషన్‌కో రాసివ్వాల, ఆ తర్వాత 45 రోజులు గడవాల. ఆయుధాల చట్టం సెక్షన్ 5లో ఉంది ఇది.

ఒంగోలు_ఆర్మరర్:
లాయరు గారు చెప్పింది చెప్పారు, నేను ఇనుము సంగతి చెబుతా. ఇకమీదట రాసేదంతా కాగితం మీద గురి కోసమే అనుకోండి. .22 తూటా పందిని గాయపరుస్తుందే తప్ప పడగొట్టదు. టెక్సాస్‌లో కూడా పందుల వేటకు ఇంతకంటే పెద్ద తూటాలే వాడతారు.

రూగర్ నంబర్ వన్ 1967లో వచ్చిన ఫాలింగ్ బ్లాక్ రైఫిల్. లీవరు కిందికి లాగితే ఉక్కు దిమ్మ నిలువునా కిందికి జారి ఛాంబర్ (తూటా కూర్చునే గది) తెరుచుకుంటుంది. బోల్టు రైఫిల్లో మాదిరి బోల్టు వెనక్కీ ముందుకీ ఆడటానికి చోటు అక్కర్లేదు, అందుకే మొత్తం పొడవు అంతే ఉన్నా బ్యారెల్ సుమారు నాలుగంగుళాలు ఎక్కువ పెట్టుకోవచ్చు. దాని చిక్కు కర్రలో ఉంది. కర్ర రెండు ముక్కలు. ముందు కర్ర, రిసీవరు (బ్యారెల్ వెనక యంత్రం ఉండే ఇనప భాగం) నుంచి ముందుకు పొడుచుకొచ్చిన ఇనప కొమ్ముకు స్క్రూతో బిగుసుకుంటుంది. ఆ కర్ర బ్యారెల్‌ను ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ తోస్తే గుండ్లు కిందికీ మీదికీ సాగిపోతాయి. అక్కడివాళ్లు కూడా ముందు సరిచేసుకునేది ఈ తోపుడునే. సింగిల్ షాట్ అనే పేరు చూసి గురి దానంతటదే వస్తుందనుకోవద్దు. మ్యాగజైన్ (తూటాల పెట్టె) కోసం రిసీవరు అడుగున కోత లేకపోవడంతో గట్టిదనం వస్తుంది, అంతవరకే దాని లాభం. మనదాకా వస్తే అది దొరకదు. విదేశీ రైఫిల్ దిగుమతి పేరున్న క్రీడా షూటర్ల లాంటివాళ్లకే, మామూలు లైసెన్సుదారు దేశంలో ఇప్పటికే ఉన్నవాటిలోంచి ఏరుకోవాలి.

బీఎస్ఏ మార్టినీ మంచి ఎంపికే. దాంట్లో బ్లాక్ నిలువుగా జారదు, వెనక పిన్ను మీద ముందు అంచు కిందికి వంగుతుంది. స్ట్రైకర్ (తూటాను కొట్టి పేల్చే ముక్క) ప్రయాణం పొట్టి, ట్రిగ్గర్ నొక్కగానే దెబ్బ పడుతుంది. చేతికి తీసుకున్నాక ఈ వరుసలో చూడండి.

లీవరు దించి, ఛాంబర్ ఖాళీ అని కంటితోనూ, వేలితోనూ చూసుకోవాలి. డీలరు 'ఖాళీనే సార్' అన్నా సరే.

తర్వాత ఛాంబర్ అంచు. .22 తూటాలో మందు పేలేది అంచు దగ్గర, కాబట్టి ఫైరింగ్ పిన్ కొట్టేది కూడా అక్కడే. తూటా లేకుండా ఉత్తినే ట్రిగ్గర్ నొక్కుతూ పోతే కొన్ని రైఫిళ్లలో పిన్ను నేరుగా ఛాంబర్ అంచు మీద పడి చిన్న గాటు పెడుతుంది. గాటు పక్కన లోహం ఉబ్బి ఛాంబర్‌లోకి పొడుచుకొస్తుంది. అప్పుడు తూటా పూర్తిగా కూర్చోదు, కాల్చిన కేసు (తూటా ఖాళీ తొడుగు) ఊడి రావడానికి మొరాయిస్తుంది. టార్చి వేసి, భూతద్దం పెట్టి పిన్ను పడే చోటు చూడండి. చిన్న ఉబ్బయితే ఛాంబర్ ఐరన్ అనే పనిముట్టుతో వెనక్కి నొక్కేయొచ్చు. లోతైన గాటయితే ధర తగ్గించమనండి, లేదా వదిలేయండి.

మూతి, అంటే క్రౌన్. తూటా ఆఖరుగా వదిలేది ఆ అంచునే. అక్కడ ఒకపక్క అరిగితే వెనకనుంచి తన్నుకొచ్చే గ్యాసు తూటాను పక్కకు నెడుతుంది. చెవిలో పెట్టుకునే దూది పుల్ల తీసుకుని అంచు చుట్టూ లోపలినుంచి బయటికి తిప్పండి. ఎక్కడ దూది పోగు తగులుకుంటే అక్కడ గరుకు ఉన్నట్టు. మార్టినీల్లో ఈ అనుమానం ఇంకా ఎక్కువ పెట్టుకోవాలి. చాలావాటిలో వెనకనుంచి రాడ్ నేరుగా పోదు, యాభై ఏళ్లుగా ఎవరో ఒకరు మూతి వైపు నుంచే రాడ్ తోసి ఉంటారు. మూతి దగ్గర గాడులు (తూటాను తిప్పే మురి గీతలు) గుండ్రంగా అరిగిపోయి లోపల మాత్రం బాగున్న బ్యారెళ్లు ఇందుకే కనపడతాయి. మిగతా బ్యారెల్ మంచిదైతే మంచి లేత్ ఉన్న గన్‌స్మిత్ మూతిని కొద్దిగా కోసి కొత్త క్రౌన్ కట్టగలడు. ఆ పని లైసెన్సున్న గన్‌స్మిత్ దగ్గరే చేయించాలి.

బ్యారెల్ లోపల: శుభ్రం చేయించి, వెనక తెల్ల కాగితం పెట్టి చూడండి. నల్లటి ఉంగరం లాంటి నీడ కనిపిస్తే అక్కడ ఉబ్బు ఉండొచ్చు, తూటా ఇరుక్కున్నది చూడకుండా ఇంకోటి కాల్చినప్పుడు వచ్చేది అది. అట్లాంటిది కొనొద్దు, బేరం కూడా ఆడొద్దు. అక్కడక్కడా చిన్న తుప్పు మచ్చలుంటే భయం లేదు, సీసపు తూటాకు అవి పెద్ద అడ్డు కావు.

హెడ్‌స్పేస్, అంటే మూసిన బ్లాక్ ముందు తూటా అంచుకు ఉండే సందు: .22 ఎల్ఆర్ (లాంగ్ రైఫిల్) తూటా అంచు మందం 0.043 అంగుళం. గన్‌స్మిత్ దగ్గర 0.043 'గో', 0.046 'నో గో' గేజీలు ఉంటాయి. రెండోదాని మీద బ్లాక్ మూసుకుందంటే వదులైనట్టు. గేజీ లేకపోతే కాల్చిన కేసులు చూడండి. అడుగు ఉబ్బినా, అంచు చీలినా కారణం అదే కావొచ్చు. పిన్ను గుర్తు లేతగా పడి అప్పుడప్పుడు పేలకపోతే మాత్రం ముందు స్ప్రింగునూ, లోపల గడ్డకట్టిన పాత నూనెనూ అనుమానించండి.

ట్రిగ్గర్: స్ప్రింగు త్రాసు తగిలించి లాగితే 1 నుంచి 1.5 కిలోల మధ్య తెగాలి. పోటీకి తయారైన పాత రైఫిళ్లు అంతకంటే చాలా తేలిగ్గా పెట్టి ఉంటాయి, చేతికి హాయిగా ఉంటుంది గానీ కొత్తవాళ్లకు ప్రమాదం. ఖాళీ రైఫిల్ కాక్ చేసి (స్ట్రైకర్ ఎక్కుపెట్టి) బట్టు (కర్ర వెనక చివర) అడుగున రబ్బరు సుత్తితో రెండు మూడు దెబ్బలు వేయండి. స్ట్రైకర్ పడిపోతే సియర్ (స్ట్రైకర్ను పట్టి ఉంచే కొక్కెం) అరిగినట్టే. మరమ్మతు అయ్యేదాకా అందులో తూటా పెట్టకూడదు.

ఆఖరుది, ముందు కర్ర, అంటే ఫోరెండ్. ఫోరెండ్ బ్యారెల్‌కే బిగించిన రకమా, బ్యారెల్ను తాకకుండా యాక్షన్‌కు (రిసీవరు భాగానికి) బిగించిన రకమా అడగండి. రెండో రకమైతే పది రూపాయల నోటు బ్యారెల్ కిందనుంచి దూర్చి వెనక్కి లాగండి, ఎక్కడా పట్టుకోకుండా జారాలి. మన దగ్గర ఈశాన్య రుతుపవనాల్లో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, కర్ర తేమ పీల్చి ఉబ్బుతుంది. ఎండాకాలం జారిన నోటు అప్పుడు ఇరుక్కుంటుంది. పట్టుకున్నచోట సన్న ఉప్పుకాగితంతో రుద్ది, కోసిన కర్రకు మళ్లీ నూనె పట్టించాలి. పచ్చిగా వదిలేస్తే వచ్చే వానల్లో ఇంకా ఎక్కువ ఉబ్బుతుంది.

వెంకటగిరి_315:
ఇన్ని తంటాలెందుకు అన్నా? ఇషాపూర్ ఫ్యాక్టరీ .315 రైఫిల్ తీసుకుంటే సరిపోద్ది కదా. కొత్తది, బిల్లుతో సహా వస్తుంది.

ఒంగోలు_ఆర్మరర్:
.315 సింగిల్ షాట్ కాదు, ఐదు రౌండ్ల మ్యాగజైన్ బోల్ట్ యాక్షన్. గట్టి రైఫిలే. కానీ అడిగినాయనకు కావాల్సింది 50 మీటర్లలో కాగితం మీద నిలకడ. .22కు వేసిన రేంజిలో .315 కాల్చనివ్వరు, తన్నుడు ఎక్కువ, రౌండు ఖరీదు ఎక్కువ. ఖరీదు ఎక్కువైతే కాల్చేది తక్కువ, చెయ్యి కుదరదు. ఒకే ఒక్క మాట నిజం: పాతదాంతో పడే తలనొప్పి కొత్తదాంట్లో ఉండదు.

రాపూరు_రైతుబిడ్డ:
పంది మాట వదిలేశానన్నా, కంచె చూసుకుంటా. రైఫిల్ క్లబ్బులో చేరి నేర్చుకుంటా. స్కోప్ పెట్టుకోవచ్చా? తూటాలు ఏవి మంచివి? కొన్నాక బాగుందో లేదో ఎట్టా తేల్చుకోవాల?

కావలి_50మీటర్లు:
కంచె అంటే సోలార్ ఎనర్జైజర్‌ది వెయ్యండి, కరెంటు తీగ నేరుగా తగిలించొద్దు. ఇక తూటాలు.

వేగం చూసి కొనొద్దు. 40 గ్రెయిన్ల (సుమారు 2.6 గ్రాముల) స్టాండర్డ్ వెలాసిటీ .22 సెకనుకు సుమారు 1,070 అడుగులతో బయల్దేరుతుంది, ధ్వని వేగం కంటే తక్కువ. హై వెలాసిటీది 1,250 దగ్గర బయల్దేరి 100 మీటర్లు చేరేలోపే ధ్వని వేగం కిందికి జారుతుంది. ఆ దాటేచోట తూటా కుదుపుకు లోనై గుంపు (కాగితం మీద తూటాలు పడ్డ చోట్ల గుత్తి) విచ్చుకుంటుంది. అందుకే టార్గెట్ వాళ్లంతా నెమ్మదైనదే వాడతారు. బ్యారెల్ కూడా దానికే, 16 అంగుళాలకు ఒక చుట్టు తిరిగే గాడి.

ఒక్కో బ్యారెల్‌కు ఒక్కో రకం తూటా సరిపడుతుంది, అదే కంపెనీలో లాట్ నంబరు మారినా తేడా వస్తుంది. దొరికిన రెండు మూడు రకాలు ఒక్కో డబ్బా తెచ్చుకోండి, డబ్బాకు 50 ఉంటాయి. రకం మార్చిన ప్రతిసారీ మొదటి పది తూటాలు లెక్కలోకి తీసుకోవద్దు. తూటా మీది మైనం బ్యారెల్‌లో పూతగా పడుతుంది, పాతదాని పూత పోయి కొత్తది పరుచుకునేదాకా గుండ్లు అటూ ఇటూ పడుతుంటాయి. ఆ తర్వాత 50 మీటర్లలో ఇసుక సంచుల మీద ఐదేసి చొప్పున ఐదు గుంపులు కాల్చి, ఐదింటి సగటు కొలవండి. ఐదింట్లో బాగా వచ్చిన ఒక్కటి ఫొటో తీసి పెట్టేవాళ్లను చూసి మోసపోవద్దు. 50 మీటర్లకు ఒక మినిట్ ఆఫ్ యాంగిల్ (డిగ్రీలో అరవయ్యో వంతు కోణం) అంటే 14.5 మిల్లీమీటర్లు. పాత మార్టినీ సగటు ఆ లోపల ఉంటే కళ్లకద్దుకుని తీసుకోవచ్చు. పోటీ టార్గెట్‌లో పది రింగు 10.4 మిల్లీమీటర్లే, అది గుర్తుంచుకుంటే ఆశలు అదుపులో ఉంటాయి.

గుంపు ఆకారం కూడా చదవాలి. బ్యారెల్ వేడెక్కేకొద్దీ నిలువుగా సాగితే ముందు కర్ర తాకుతున్నట్టు. అడ్డంగా సాగితే గాలి, లేదా మీ ట్రిగ్గర్ వేలు. రెండు గుంపులుగా చీలితే స్కోప్ మౌంటు స్క్రూలు చూడండి. గంటకు 16 కిలోమీటర్ల అడ్డగాలి 50 మీటర్లలోనే తూటాను దాదాపు 3 సెంటీమీటర్లు నెడుతుంది. మన తీరంలో మధ్యాహ్నానికి సముద్రపు గాలి లేస్తుంది కాబట్టి పరీక్షకు పొద్దున్నే మంచిది.

స్కోప్ పెట్టుకోవచ్చు, ఆ మార్టినీకి పైన మౌంటు గాడి ఉందో లేదో చూసుకోండి. లేకపోతే మంచి రిసీవరుకు కొత్తగా బొక్కలు వేయించొద్దు, దాని డయాప్టర్ సైటే (చిన్న రంధ్రంలోంచి గురి చూసేది) 50 మీటర్లకు చాలు. స్కోప్ కొంటే రిమ్‌ఫైర్ (.22 లాంటి అంచు దగ్గర పేలే తూటాల) రైఫిల్ కోసం చేసింది, లేదా ముందు అద్దం తిప్పి దూరం సర్దుకునేది కొనండి. పెద్ద రైఫిళ్లకు చేసినవి 100 గజాలకు పారలాక్స్ కుదిర్చి ఉంటాయి. 50 దగ్గర కన్ను కాస్త పక్కకు జరిగినా గురి జరుగుతుంది. స్కోప్ మరను ఒక గంటు తిప్పితే, అంటే పావు మినిట్ క్లిక్కు, 50 మీటర్ల దగ్గర గురిని 3.6 మిల్లీమీటర్లు జరుపుతుంది. 50కి సర్దుకున్న రైఫిల్ 100 దగ్గర దాదాపు 20 సెంటీమీటర్లు, అంటే జానెడుకు కాస్త తక్కువ, కిందికి కొడుతుంది.

కాల్చేది రేంజిలోనే. తూటా మైలున్నర పోగలదని డబ్బా మీదే రాసి ఉంటుంది, చేలగట్టు దాన్ని ఆపుతుందనుకోవద్దు.

రాపూరు_రైతుబిడ్డ:
ఒక డౌటు. లైసెన్సు మారేదాకా డీలరు దగ్గరే ఉంచమంటే తుప్పు పట్టదా?

ఒంగోలు_ఆర్మరర్:
చెన్నై ఉప్పుగాలికి పడుతుంది. బ్యారెల్ లోపలా బయటా పల్చగా నూనె పూయించి, తోలు తొడుగులోనో గుడ్డ సంచిలోనో కాకుండా తెరిచి నిలబెట్టమనండి. తోలు, గుడ్డ చెమ్మ పట్టి ఉంచుతాయి. నెలకోసారి తుడిచి మళ్లీ పూయమనండి. తెచ్చుకున్నాక కాల్చే ముందు పొడిగుడ్డ ముక్క రెండుసార్లు లాగండి, నూనె ఉన్న బ్యారెల్‌లో మొదటి గుండు వేరేచోట పడుతుంది.